శాంపిల్ చెప్పని సంగతులు

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో స్పేర్ పార్టుల కొట్టు ముందు నిలబడి, మారుతీ 800కి బ్రేకు సామాను కావాలని అడగండి. కౌంటరు వెనకాయన ధర చెప్పే ముందే "ఏ మోడలు సార్? శాంపిల్ తెచ్చారా?" అంటాడు. శాంపిల్ అంటే బండిలోంచి ఊడదీసిన పాత పార్టు. దాన్ని బల్ల మీద పెట్టి, పక్కన కొత్తది పెట్టి, పొడవు చూసి, చెవులు చూసి, బోల్టు రంధ్రాలు కలిశాయని తేల్చుకుని, "ఇదే, తీసుకెళ్లండి. పట్టకపోతే మార్చిస్తా" అంటాడు.

తలుపు గొళ్లేనికో, బంపర్ క్లిప్పుకో ఈ పద్ధతి చాలు. బ్రేకుల దగ్గర మాత్రం సగమే పనిచేస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే ఆకారం తెలుస్తుంది. ఆ పార్టు మన కాలి బలాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో, ఇనుమును ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఎంత వేడి దాకా నిలబడుతుందో, ఏ ఆయిలుతో పొసుగుతుందో కంటికి కనిపించదు. పైగా పాత కారులోంచి తీసిన పార్టు అసలు ఆ కారుదేనన్న నమ్మకమూ లేదు. నాలుగు చేతులు మారిన బండిలో ఎప్పుడో ఎవరో సర్దుబాటు చేసి బిగించిన పార్టే శాంపిల్‌గా కొట్టుకు రావచ్చు. అప్పుడు తప్పునే కొలబద్దగా పెట్టుకుని కొత్త తప్పు కొన్నట్టు అవుతుంది.

మన రోడ్ల మీద ఇలాంటి బళ్లు తక్కువేమీ లేవు. 1983 డిసెంబరులో మొదటి మారుతీ 800 తాళం చెవి కొన్నవాళ్ల చేతికి వచ్చింది. 2014 జనవరిలో తయారీ ఆగింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ కూడా అదే 2014లో ఆగిపోయింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసినా, బండి బాగుందని తేలితే అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. కారు బతికే ఉంటుంది, కంపెనీ మాత్రం పార్టుల తయారీని మెల్లగా తగ్గించుకుంటుంది. ఆ ఖాళీని బజారు నింపుతుంది. కంపెనీ డబ్బాలో వచ్చేవి, కంపెనీకి సరఫరా చేసేవాళ్లే తమ పేరుతో అమ్మేవి, లోకల్ మాలు, స్క్రాప్ బళ్లలోంచి తీసినవి అన్నీ ఒకే బల్ల మీద కనిపిస్తాయి. వీటిలోంచి మన బండికి పొంతన కుదిరేదాన్ని ఏరుకోవాలంటే బ్రేకు ఎలా పనిచేస్తుందో కొంచెమైనా తెలిసుండాలి.

ఆపడమంటే వేడి చేయడమే

బ్రేకు చేసే పని ఒకటే, బండి పరుగును వేడిగా మార్చడం. మారుతీ 800 ఖాళీ బరువు సుమారు 650 కిలోలు. నలుగురు మనుషులు, వాళ్ల సామాను ఎక్కితే 900 కిలోలు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ బండి గతిజ శక్తి సుమారు 2,22,000 జౌళ్లు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 83 డిగ్రీల దాకా కాచడానికి ఇంతే శక్తి పడుతుంది. నాలుగు సెకన్లలో బండి ఆగిందంటే బ్రేకులు సగటున 55 కిలోవాట్ల చొప్పున, అంటే దాదాపు 74 హార్స్‌పవర్‌తో పనిచేశాయన్నమాట. ఆ కారు ఇంజను ఇచ్చేది పాత కార్బురేటర్ మోడల్లో 40 హార్స్‌పవర్ లోపే. బండిని పరిగెత్తించే ఇంజను కంటే దాన్ని నిలబెట్టే బ్రేకే బలమైన యంత్రం.

గతిజ శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 40 మీద వెళ్లేటప్పటి కంటే 80 మీద నాలుగు రెట్లు వేడి పుడుతుంది. ఊళ్లో బాగానే ఉన్న బ్రేకు హైవే మీద తేలిపోవడానికి మూలం ఇదే. ఇక కొండ దిగేటప్పుడు లెక్క ఇంకా పెద్దది. తిరుమల నుంచి తిరుపతికి దిగితే ఎత్తు సుమారు 700 మీటర్లు తగ్గుతుంది. 900 కిలోల బండి అంత ఎత్తు దిగుతూ వదిలే శక్తి 61 లక్షల జౌళ్లకు పైమాటే. 80 వేగం నుంచి 28 సార్లు పూర్తిగా ఆపినంత పని. గాలి, టైర్లు, తక్కువ గేరులో ఉంచిన ఇంజను అందులో కొంత మింగుతాయి. మిగిలింది చక్రాలతో పాటు తిరిగే డిస్కులకూ డ్రమ్ములకూ చేరుతుంది.

అందుకే డిస్కు మందం అలంకారానికి పెట్టింది కాదు. ఆ ఇనుము వేడిని కాసేపు దాచుకునే గిడ్డంగి. డిస్కు అరిగి పలచబడ్డకొద్దీ అదే వేడికి దాని ఉష్ణోగ్రత ఎక్కువ పెరుగుతుంది. చాలా డిస్కుల మీద కనీస మందాన్ని, డ్రమ్ముల మీద గరిష్ఠ లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో పోత పోసో, చెక్కో ఉంచుతారు. తుప్పు గీకి చూస్తే ఆ అంకె కనిపిస్తుంది. డిస్కును నొక్కే పాడ్లు కొత్తవి కొనే ముందు ఆ అంకెనూ, స్క్రూగేజీతో కొలిచిన మందాన్నీ పోల్చండి. హద్దు దాటిన డిస్కుకు ఎంత మంచి పాడ్ వేసినా డబ్బు దండగే.

డ్రమ్ముల విషయంలో ఇంకో మెలిక ఉంది. గాడులు పడ్డ డ్రమ్మును లేత్ మీద పట్టించి నునుపు చేయించడం మన దగ్గర మామూలే. అలా చేసినప్పుడు లోపలి వ్యాసం పెరుగుతుంది. డ్రమ్మును లోపలి నుంచి నొక్కే షూ కొత్తది మామూలు కొలతకు చేసింది కాబట్టి దాని వంపు ఆ పెద్ద వంపుకు సరిపోక, షూ మీది ఘర్షణ పట్టీ అయిన లైనర్ నడిమధ్యన మాత్రమే తగులుతుంది. షూ కొత్తది, డ్రమ్ము నునుపు, అయినా బ్రేకు సరిగా పట్టదు. లైనర్ అరిగి వంపు కలిసేదాకా పెడల్ అలాగే సగం మనసుతో ఉంటుంది. ఎడమ డ్రమ్మును ఒకసారి, కుడి డ్రమ్మును మూడుసార్లు పట్టించి ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది కూడా. కాబట్టి షూలు కొనేటప్పుడు డ్రమ్ము లోపలి కొలత కూడా దగ్గర ఉండాలి.

కాలి కింద గుణకారం

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆ సూత్రంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. ఆ సూత్రమే నేటికీ మన కాలి కింద పనిచేస్తోంది.

లెక్క వేసి చూద్దాం. పెడల్ మీద 300 న్యూటన్ల బలం, అంటే సుమారు 30 కిలోల బరువు పెట్టామనుకోండి. పెడల్ మీటలా పనిచేసి దాన్ని అయిదింతలు చేసిందనుకుందాం. పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 1,500 న్యూటన్లు పడతాయి. ఆ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) ముప్పావు అంగుళం, అంటే 19.05 మి.మీ. అయితే దాని వైశాల్యం 285 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే పైపులో పీడనం దాదాపు 53 బార్లు. కారు టైరులో ఉండే గాలి 2 బార్ల చుట్టూ ఉంటుందని గుర్తు చేసుకుంటే ఇది ఎంతో తెలుస్తుంది. ఈ పీడనం పాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌లోని 48 మి.మీ. వ్యాసమున్న పిస్టన్ మీద పడితే 9,500 న్యూటన్ల బలం వస్తుంది. 30 కిలోల తొక్కుడు 970 కిలోల బిగింపుగా మారిందన్నమాట.

ఇప్పుడు అదే బండికి ముప్పావు బదులు ఏడు బై ఎనిమిది అంగుళాల మాస్టర్ సిలిండర్ దొరికిందనుకోండి. బయటికి రెండూ ఒకేలా ఉండవచ్చు. బోల్టు రంధ్రాలు కలుస్తాయి, రిజర్వాయర్ కూర్చుంటుంది, పుష్‌రాడ్ అందుతుంది. బోరు మాత్రం 22.2 మి.మీ. వైశాల్యం 388 చదరపు మి.మీ. అదే 1,500 న్యూటన్లకు పీడనం 39 బార్లకు పడిపోతుంది. కాలిపర్ బిగింపు 970 కిలోల నుంచి సుమారు 710 కిలోలకు దిగుతుంది. నాలుగింట ఒక వంతుకు పైగా బ్రేకు మాయం. బోరులో తేడా చూస్తే మూడు మిల్లీమీటర్లు.

ఇక్కడ మనిషి అనుభవం తప్పుదోవ పట్టిస్తుంది. పెద్ద బోరు సిలిండర్ తక్కువ కదలికకే ఎక్కువ ఆయిలు తోస్తుంది. అందువల్ల పెడల్ పైనే నిలబడి కాలికి రాయిలా గట్టిగా తగులుతుంది. గ్యారేజీ ముందు నిలబెట్టిన బండిలో కూర్చుని తొక్కి చూసిన యజమాని "అబ్బ, బ్రేకు ఎంత టైటుగా ఉందో!" అని సంబరపడతాడు. నిజానికి తగ్గింది బ్రేకే. చిన్న బోరు వేస్తే కథ తిరగబడుతుంది. పీడనం పెరుగుతుంది, పెడల్ మాత్రం లోతుకు దిగుతుంది. షూలు కాస్త అరిగేసరికి పెడల్ నేలను తాకేంత దూరం పోతుంది. మాస్టర్ సిలిండర్, డ్రమ్ములో షూలను తోసే వీల్ సిలిండర్, కాలిపర్ పిస్టన్ మూడింటి బోర్లూ ఒకదాన్ని చూసి ఒకటి లెక్క కట్టినవి. ఒకదాన్ని మార్చి మిగతా రెంటినీ వదిలేయడం కుదరదు. బోరు కొలత చాలా సిలిండర్ల ఒంటి మీద పోత అంకెల్లోనే ఉంటుంది. లేకపోతే కొట్లోనే వెర్నియర్‌తో కొలిపించండి.

వెనక చక్రానికి "ఇంకా మంచిది" వద్దు

పాత కారు యజమానులకు వచ్చే ఆశ ఒకటుంది. ఎలాగూ మారుస్తున్నాం కదా, ఇంకా గట్టిగా పట్టే లైనర్ వేద్దామని. ముందు చక్రాలకు ఆ ఆశ కొంత నష్టం చేస్తుంది. వెనక చక్రాలకు ప్రమాదమే తెస్తుంది.

బ్రేకు వేయగానే బండి ముందుకు మొగ్గుతుంది. మారుతీ 800 ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,175 మి.మీ. గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తున ఉందనుకుని, 900 కిలోల బండి గట్టి బ్రేకుతో ప్రతి సెకనుకూ సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం కోల్పోతోందనుకుంటే, దాదాపు 150 కిలోల భారం వెనక చక్రాల మీద నుంచి ముందు చక్రాలకు మారుతుంది. తేలికైన వెనక చక్రం రోడ్డును పట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకే తయారుచేసినవాళ్లు వెనక బ్రేకును కావాలనే మెత్తగా ఉంచుతారు. దాన్ని గట్టిది చేస్తే వెనక చక్రాలు ముందుగా జామ్ అవుతాయి. ముందు చక్రాలు జామ్ అయితే బండి మలుపు తిరగక నిటారుగా జారుతుంది. వెనకవి ముందు జామ్ అయితే బండి తోక తిప్పి గిర్రున తిరుగుతుంది. తడి రోడ్డు మీద దాన్ని అదుపు చేయడం ఆరితేరిన డ్రైవర్లకూ కష్టమే.

వెనకవి డ్రమ్ములు కావడం దీనికి తోడవుతుంది. డ్రమ్ము తిరిగే దిశలో ఉన్న షూను ఆ తిరుగుడే ఇంకా లోపలికి లాగి బిగిస్తుంది. కాబట్టి లైనర్ ఘర్షణ 18 శాతం పెరిగితే డిస్కులో బ్రేకు బలం 18 శాతమే పెరుగుతుంది, డ్రమ్ములో అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. వీల్ సిలిండర్ మార్చినప్పుడూ ఇదే జాగ్రత్త. 11/16 అంగుళాల బోరు ఉన్నచోట ముప్పావు అంగుళానిది బిగిస్తే ఆ చక్రం మీద షూలను తోసే బలం 19 శాతం పెరుగుతుంది. ఒక పక్కే మార్చితే బండి ఆ పక్కకు లాగుతుంది. పాడ్లయినా షూలయినా సిలిండర్లయినా, ఒక యాక్సిల్‌కు రెండు పక్కలా ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకేసారి వేయాలనే నియమం ఇక్కడి నుంచి పుట్టిందే.

అంచు మీది రెండు అక్షరాలు

పాడ్ లేదా లైనర్ ఎంత పట్టుకుంటుందో కొట్లో తెలుసుకునే దారి ఒకటుంది. చాలా లైనర్ల అంచు మీద కంపెనీ గుర్తు, మిశ్రమం నెంబరు, చివర రెండు ఇంగ్లిషు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఇది ఎస్‌ఏఈ అనే అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన పద్ధతి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకం, రెండోది బాగా వేడెక్కాక ఘర్షణ గుణకం. "ఇ" అంటే 0.25 నుంచి 0.35 మధ్య, "ఎఫ్" అంటే 0.35 నుంచి 0.45 మధ్య, "జి" అంటే 0.45 నుంచి 0.55 మధ్య. "ఎఫ్‌ఎఫ్" అని ఉంటే చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకే మెట్టు మీద నిలుస్తుందని అర్థం. "ఎఫ్‌ఇ" అయితే వేడిలో ఒక మెట్టు దిగుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే బండికి రెండో అక్షరమే ముఖ్యం.

అయితే ఈ అక్షరాలను గుడ్డిగా నమ్మడానికి లేదు. 0.36 ఉన్నదీ ఎఫ్, 0.44 ఉన్నదీ ఎఫ్. రెంటికీ 22 శాతం తేడా. పైగా పరీక్ష చేసేది అంగుళం పొడవు, అంగుళం వెడల్పు ముక్క మీద. మీ బండి డిస్కు మీద, మీ బండి బరువుతో చేసింది కాదు. ఐరోపా దేశాల్లో అమలయ్యే ఆర్90 నియమం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. బదులుగా అమ్మే పాడ్ పనితనం అసలు పాడ్‌కు 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలంటుంది. ఎక్కువైనా ఒప్పుకోదు, తక్కువైనా ఒప్పుకోదు. పొంతన అనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం దొరకదు.

రేసు బళ్ల పాడ్లు బాగా వేడెక్కాకే పట్టు చూపిస్తాయి. పొద్దున్నే బండి తీసి సందు చివర బ్రేకు వేస్తే జారిపోతాయి. లోహం పాలు ఎక్కువున్న పాడ్లు వేడిని తట్టుకుంటాయి గానీ పాత మెత్తటి డిస్కును త్వరగా తినేస్తాయి. చిన్న కారుకు, ఊళ్లో తిరుగుడుకు కారు కంపెనీ మొదట వేసిన రకమే సరైనది.

మన దగ్గర పాత షూలకే కొత్త లైనర్ రివెట్ కొట్టించే అలవాటు ఇంకా ఉంది. షూ ఇనుము వంగకుండా ఉంటే అందులో తప్పులేదు. నాలుగు షూలకూ ఒకే రకం లైనర్ వేయమనండి, అంచు మీది అక్షరాలు చూపించమనండి. రివెట్ వేసిన లైనర్‌లో మిగిలిన మందాన్ని రివెట్ తల నుంచి కొలవాలి. ఇనుప షూ నుంచి కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, రివెట్ తల డ్రమ్మును గీకడం మొదలయ్యేదాకా తెలియదు.

ఇంకో హెచ్చరిక ఊపిరికి సంబంధించింది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ వాడేవారు. దాని నార ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. డ్రమ్ము తీయగానే కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము ఎగరేయడం చాలా షెడ్లలో కనిపిస్తుంది. దుమ్మును తడిపి గుడ్డతో తుడవాలి. కొత్త డబ్బా మీద "ఆస్బెస్టాస్ లేదు" అని రాసి ఉందో లేదో చూసి కొనండి. ఆ మేలు ముందుగా అందేది మెకానిక్‌కే.

ఆయిలు, నీరు, రబ్బరు

మెకానిక్కులందరూ బ్రేక్ ఆయిలు అంటారు గానీ మామూలుగా వాడేది నూనె జాతిది కాదు. గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో, ఇదీ అలాగే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4లో ఈ అంకెలు 230, 155. డాట్ 5.1లో 260, 180.

కొండ దిగుతున్నప్పుడు వీల్ సిలిండర్ దగ్గర ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. తొక్కిన తొక్కుడంతా బుడగలను నలపడానికే పోయి పెడల్ నేల దాకా దిగిపోతుంది. చల్లారాక బ్రేకు మళ్లీ బాగానే ఉంటుంది కాబట్టి, మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే "ఏమీ లేదు సార్" అనే మాటే వినిపిస్తుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిలు మార్చాలి. సగం వాడి మూత పెట్టిన డబ్బాను ఏడాది తరువాత వాడకూడదు.

డాట్ 3, 4, 5.1 మూడూ ఒకే కుటుంబం, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 ఒక్కటి వేరు. అది సిలికోన్, ఊదా రంగులో ఉంటుంది, మిగతావాటితో కలవదు. 5 అనే అంకె 4 కంటే పెద్దదని, 5.1కి దగ్గరని అనుకుని పోస్తే మొత్తం వ్యవస్థను ఖాళీ చేసి కడుక్కోవాల్సి వస్తుంది. రిజర్వాయర్ మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే చూడండి.

రబ్బరు సంగతి ఇంకా సున్నితమైనది. సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు గ్లైకాల్‌ను తట్టుకునే రకం. పెట్రోలు, డీజిలు, కిరోసిన్, ఇంజనాయిలు, మామూలు గ్రీజు, వీటిలో ఏది తగిలినా ఉబ్బిపోతాయి. చాలా షెడ్లలో సిలిండర్‌ను పెట్రోలుతో కడిగి, గుడ్డతో తుడిచి, కొత్త కిట్ వేస్తారు. మాస్టర్ సిలిండర్ లోపల మిల్లీమీటరు కంటే సన్నని రంధ్రం ఒకటుంటుంది. పెడల్ వదిలాక వేడికి వ్యాకోచించిన ఆయిలు తిరిగి రిజర్వాయర్‌కు పోయే దారి అదే. ఉబ్బిన కప్పు ఆ రంధ్రాన్ని మూసేస్తే ఆయిలు వెనక్కి పోలేదు. బ్రేకు దానంతటదే పట్టేసి ఉంటుంది, చక్రాలు కాలిపోతాయి, మైలేజీ పడిపోతుంది. నెపం మాత్రం కొత్త కిట్ మీద పడుతుంది. కడగడానికి కొత్త బ్రేక్ ఆయిలో, బ్రేకుల కోసమే అమ్మే క్లీనరో వాడాలి.

డబ్బా తెరవని పాత స్టాకు దొరికిందని మురిసిపోవడం కూడా ఇక్కడ పనికిరాదు. ఇనుప పార్టు ఇరవై ఏళ్లు అటక మీద ఉన్నా నష్టం లేదు. రబ్బరు కిట్, బ్రేక్ హోస్ మాత్రం వాడకపోయినా ముసలివవుతాయి. హోస్ లోపలి పొర ఉబ్బితే తొక్కినప్పుడు ఆయిలు వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. బయటికి హోస్ నిగనిగలాడుతూనే ఉంటుంది. రబ్బరు సామాను కొనేటప్పుడు తయారీ తేదీ అడగండి.

అర మిల్లీమీటరు తేడా

అంబాసిడర్ పుట్టింది బ్రిటిష్ అంగుళాల లోకంలో. మారుతీ పుట్టింది మెట్రిక్ లోకంలో. పాత అంగుళాల బళ్ల బ్రేకు పైపుల చివర ఉండే నట్టు సాధారణంగా 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. మెట్రిక్ బళ్లలో సాధారణంగా ఎం10, ఒక్కో మరకూ ఒక మిల్లీమీటరు. మొదటిదాని వ్యాసం 9.53 మి.మీ., మర దూరం 1.06 మి.మీ. రెండోదాని వ్యాసం 10 మి.మీ. కంటికి రెండూ ఒకటే. ఎం10 రంధ్రంలో 3/8 నట్టు కొంచెం వదులుగా ఎక్కుతుంది, కొన్ని చుట్లు తిరుగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. మరల అంచులు మాత్రమే ఆని ఉంటాయి. గట్టిగా బ్రేకు తొక్కిన రోజున 70, 80 బార్ల పీడనం ఆ అంచుల మీద పడి నట్టు ఊడిరావచ్చు.

పైపు మాత్రం రెండు లోకాల్లోనూ దాదాపు ఒకటే, 3/16 అంగుళం అంటే 4.76 మి.మీ. అందువల్ల మోసం ఇంకా తేలిక. పైపు చివరి పూవు కూడా రెండు రకాలు. ఒకటి లోపలికి మడిచిన గరాటులా, ఇంకొకటి బుడిపెలా ఉంటుంది. ఒకదాని గూట్లో ఇంకొకటి ఆనదు. వేళ్లతో తిప్పితే మొదటి నుంచి చివరి దాకా సాఫీగా, ఆటంకం లేకుండా, ఊగకుండా వెళ్లే నట్టే సరైనది. థ్రెడ్ గేజ్ ఉన్న షెడ్డులో ఈ అనుమానం నిమిషంలో తీరుతుంది.

డ్రమ్ము తీసి డిస్కు పెట్టాలంటే

పాత అంబాసిడర్, పద్మిని కార్ల యజమానులు ముందు చక్రాలకు డిస్కులు పెట్టించుకోవాలనుకోవడం సహజమే. డిస్కు త్వరగా చల్లారుతుంది, నీళ్లలో తడిసినా త్వరగా కోలుకుంటుంది. 1953లో లె మాన్స్ రేసులో డన్‌లప్ డిస్కులతో వచ్చిన జాగ్వార్ గెలిచాక ప్రపంచానికి ఈ సంగతి నమ్మకంగా తెలిసింది. కానీ ఇది పార్టు మార్చడం కిందికి రాదు. వ్యవస్థనే మార్చడం.

తోసిన బలానికి ఎన్ని రెట్లు ఆపే బలం వస్తుందో చూస్తే తేడా బయటపడుతుంది. ఘర్షణ గుణకం 0.38 ఉంటే డిస్కు ఇచ్చేది 0.76 రెట్లు. రెండు షూల్లో ఒకటి మాత్రమే లోపలికి లాక్కునే మామూలు డ్రమ్ము సుమారు 2 రెట్లు ఇస్తుంది. రెండూ లాక్కునే డ్రమ్ము సుమారు 3 రెట్లు. డిస్కుకు ఆ స్వయంసహాయం లేదు. ఆ లోటును పెద్ద కాలిపర్ పిస్టన్‌తో, ఎక్కువ పీడనంతో పూడ్చాలి. పెద్ద పిస్టన్‌కు ఎక్కువ ఆయిలు కావాలి కాబట్టి మాస్టర్ సిలిండర్ బోరు మారాలి. బోరు పెరిగితే పీడనం తగ్గుతుంది కాబట్టి తొక్కుడు బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ కావాలి. డ్రమ్ముల కోసం పైపుల్లో కొద్దిపాటి పీడనాన్ని ఆపి ఉంచే వాల్వు కొన్ని పాత మాస్టర్ సిలిండర్లలో ఉంటుంది. అది అలాగే ఉంటే డిస్కు పాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. ముందు బ్రేకు బలం మారింది కాబట్టి వెనక దాని వాటా కూడా మళ్లీ లెక్క చూడాలి. ఇవన్నీ కలిపి చేసే అనుభవం ఉన్న చోటే ఈ పనికి దిగాలి. లేదంటే మంచి లైనర్లు, కొత్త సిలిండర్లు, తాజా ఆయిలుతో సొంత డ్రమ్ములనే పూర్తిగా బాగుచేయించుకోవడం మేలు. తొలి అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిలు దారి ఉండేది, ఒక హోస్ పగిలితే బ్రేకులన్నీ పోయేవి. అలాంటి బండికి ముందుగా కావాల్సింది డిస్కుల కంటే రెండు దారుల మాస్టర్ సిలిండరే.

కొట్టుకు వెళ్లే ముందు

శాంపిల్‌తో పాటు ఆర్సీ కూడా తీసుకెళ్లండి. అందులో చాసిస్ నెంబరు, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. మారుతీ 800 పేరు మూడు దశాబ్దాలు ఒకటే గానీ, 1986లో బండి రూపమే మారింది, ఆ తరువాతా మార్పులు జరుగుతూనే వచ్చాయి. పేరు చెబితే చాలదు, ఏడాది చెప్పాలి. చాసిస్ నెంబరు పెట్టి కంపెనీ పార్టుల జాబితాలో అసలు పార్టు నెంబరు తీయించండి. మారుతీ సుజుకీ కుటుంబపు నెంబర్లలో మొదటి అయిదు అంకెలు అది ఏ పార్టో చెబుతాయి, తరువాతివి ఏ మోడల్‌దో చెబుతాయి. మొదటి అయిదూ కలిసినంత మాత్రాన సరిపోదు.

ఆ నెంబరు పార్టు దొరక్కపోతే, దానికి బదులుగా కంపెనీ ఇచ్చిన కొత్త నెంబరు ఉందేమో అడగండి. అదీ లేకపోతే బ్రేకు సామాను కంపెనీలకు సరఫరా చేసే తయారీదార్ల సొంత డబ్బా చూడండి. 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా, 1964 నాటి రానే బ్రేక్ లైనింగ్, 1974 నాటి సుందరం బ్రేక్ లైనింగ్స్ లాంటివి చెన్నై చుట్టూ పెరిగినవే. వాళ్ల కేటలాగుల్లో ఏ నెంబరు ఏ బండికి, ఏ ఏళ్లకు అని రాసి ఉంటుంది. పేరు, బ్యాచ్ నెంబరు, తయారీ నెల, ధర లేని డబ్బాలో వచ్చే బ్రేకు పార్టు ఎంత చవకైనా ముట్టుకోకండి. స్క్రాప్ బండి నుంచి కాలిపర్ ఇనుము, బ్రాకెట్ లాంటివి తీసుకోవచ్చు. లైనర్, రబ్బరు, హోస్ ఎప్పుడూ కొత్తవే కావాలి.

బిగించాక గాలి పూర్తిగా తీయించి, ఇంజను ఆపి పెడల్‌ను అర నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో బ్రేకు వేసి బండి ఏ పక్కకైనా లాగుతోందేమో చూడండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మెత్తగా, మళ్లీ మళ్లీ బ్రేకు వేస్తూ కొత్త లైనర్‌ను ఇనుముకు అలవాటు చేయండి. కొత్త పాడ్లు వేయించిన రోజే ఘాట్ రోడ్డు ప్రయాణం పెట్టుకోకండి. వేసిన పార్టు నెంబరు, బోరు కొలత, లైనర్ అంచు మీది అక్షరాలు, పోసిన ఆయిలు రకం, తేదీ ఒక కాగితం మీద రాసి ఆర్సీ కవరులో పెట్టండి. ఇంకోసారి కొట్టుకు వెళ్లినప్పుడు, లేదా ఆ బండి ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు, పాత ఇనుప ముక్క కంటే ఆ కాగితమే నమ్మదగిన శాంపిల్.